ముందుగా పెట్టిన సంతకాలు

బడి మూసేస్తున్నామన్న కాగితం పెద్ద టీచరు చేతికి సోమవారం పదకొండు గంటలకు అందింది. తెచ్చినవాడు బడి గుమాస్తా. తెచ్చి ఊరుకోకుండా, అలవాటు కొద్దీ పెన్ను మూత కూడా తీసి ఇచ్చాడు, అందినట్టు సంతకం పెట్టమని. ఆవిడ పెట్టేసింది. పెట్టాక చదివింది. ఆ బడిలో ఆరేళ్ళుగా పనులన్నీ ఆ వరసలోనే నడుస్తున్నాయి. ముందు సంతకం, ఆ తరవాత తీరికుంటే చదవడం.

"మీ పాఠశాల కమిటీ ఏకగ్రీవంగా చేసిన తీర్మానాన్ని గౌరవిస్తూ, మీ పాఠశాలను పెద్ద రోడ్డు అవతలి ఉన్నత పాఠశాలలో విలీనం చేయడమైనది. నెలాఖరు నుంచి అమలు" అని ఉంది.

ఆవిడ మూడుసార్లు చదివింది. మూడుసార్లూ మాటలు అర్థమయ్యాయి గానీ సంగతి బుర్రకెక్కలేదు.

"ఏ తీర్మానం?" అంది.

గుమాస్తా బీరువాలోంచి తీర్మానాల పుస్తకం తెచ్చి, ఇరవై రోజుల కిందటి పేజీ తిప్పి బల్ల మీద పెట్టాడు. ఉంది. అతని గుండ్రటి చేతిరాతలో, మార్జిన్‌తో సహా, ముచ్చటగా ఉంది. కింద ఎనిమిది మంది తల్లిదండ్రుల సంతకాలున్నాయి. అన్నిటికంటే కింద, కాస్త పక్కకి ఒరిగినట్టు, ఆవిడ సంతకం ఉంది.

"ఇది మీరు పెట్టిందే మేడం" అన్నాడు గుమాస్తా, ఎక్కడ తన నెత్తికి చుట్టుకుంటుందోనని.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్ళి చెప్పాలి. లేకపోతే వీళ్ళంతా కలిసి ఏదో కుట్ర పన్నారనుకుంటారు. కుట్ర పన్నే ఓపికే ఉంటే వాళ్ళు మీటింగులే పెట్టుకునేవారు.

ఆరేళ్ళ కిందట పై ఆఫీసు వాళ్ళకి ఒక మంచి ఆలోచన వచ్చింది. బడి సంగతి బడికే తెలుస్తుంది, నిర్ణయాలు అక్కడే జరగాలి, అధికారం కిందికి దిగాలి అన్నారు. మాట బంగారంలాంటి మాట. ప్రతి బడికీ తల్లిదండ్రులతో ఒక కమిటీ వేయించారు. పెద్ద టీచర్లందరినీ పిలిచి రెండు రోజులు శిక్షణ ఇచ్చారు. ఒక సంచీ, ఒక నీళ్ళ సీసా, అట్ట మీద ‘నాయకత్వం’ అని రాసిన పుస్తకం చేతిలో పెట్టారు. మన పెద్ద టీచరు ముందు వరసలో కూర్చుని పేజీలకు పేజీలు రాసుకుంది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆవిడ మొహం చేటంత ఉంది. ఇక మన బడి మన చేతుల్లో ఉంటుందని పక్క సీటావిడకి కూడా చెప్పింది పాపం, ఆవిడెవరో ఏమిటో.

అధికారం దిగింది. దాని వెనకే ఫారాలు దిగాయి. చాక్‌పీసులకి తీర్మానం, చీపుళ్ళకి తీర్మానం, విరిగిన బెంచీకి తీర్మానం, బెంచీ బాగుచేయించినట్టు ఇంకో తీర్మానం. అన్నిటి మీదా కమిటీ సంతకాలుండాలి, అన్నీ రేపటికల్లా కావాలి. కమిటీలో ఉన్నవాళ్ళా, ఒక బిడ్డ బడి దాటితే తరవాతి బిడ్డ పేరున కొనసాగుతున్నవాళ్ళు, పొద్దున లేస్తే పనికి పరిగెత్తే మనుషులు. ఒకావిడ బట్టలు కుడుతుంది, ఒకతను ప్లంబరు, ఒకతను బస్సు కండక్టరు, ఒకావిడ ఆసుపత్రిలో ఆయా, ఒకాయన మనవణ్ణి చదివించుకుంటున్న ముసలి వాచ్‌మన్, ఇంకొకతను ఇళ్ళకి రంగులేస్తాడు, ఇద్దరు కూరగాయలమ్ముకునే తోడికోడళ్ళు. మొదటి ఏడాది పెద్ద టీచరు పుస్తకం చంకన పెట్టుకుని వాళ్ళ చుట్టూ తిరిగింది. కండక్టరు సంతకం కోసం స్టాపులో నిలబడి బస్సాపితే వెనకున్న బళ్ళన్నీ హారన్లు కొట్టాయి. ఆ రోజు ఆవిడ చెప్పు కూడా తెగింది.

అప్పుడు గుమాస్తా ఒక దారి కనిపెట్టాడు. ఇతనికి బళ్ళో ‘మక్కీ’ అని పేరు. పై ఆఫీసు పంపే నమూనా ఏదైనా సరే, చుక్క పోకుండా మక్కీకి మక్కీ దించేస్తాడు. సొంతంగా ఒక్క వాక్యం రాయమంటే మాత్రం చెమటలు పట్టేస్తాయి.

"ఏడాది మొదట్లో పుస్తకాలు పంచే రోజు అందరూ ఎలాగూ వస్తారు కదా మేడం. అప్పుడే ఖాళీ పేజీల కింద సంతకాలు పెట్టించేసుకుందాం. ఏడాదంతా బేఫికర్" అన్నాడు.

ఆవిడ ఒక రోజంతా తటపటాయించి సరేనంది. ఆ ఏడాది నుంచి దాన్ని సంతకాల రోజు అనేవాళ్ళు. టీ ఇచ్చేవారు, బిస్కెట్లు పెట్టేవారు. కమిటీ వాళ్ళు నవ్వుకుంటూ, ఒకర్నొకరు ఎకసెక్కాలాడుకుంటూ, ఇరవై నాలుగు ఖాళీ పేజీల కింద టకటకా సంతకాలు గీకేసి పనుల్లోకి వెళ్ళిపోయేవారు. బట్టలు కుట్టే ఆవిడని అందరూ టైలరమ్మ అంటారు. కమిటీకి అధ్యక్షురాలు ఆవిడే. మొదటిసారి ఆవిడొక్కతే పెన్ను ఆపి, "పైన ఏం రాస్తారు?" అని అడిగింది.

"ఏముంటుందమ్మా? చాక్‌పీసులూ చీపుళ్ళూను" అంది పెద్ద టీచరు. అప్పటికి అది నిజమే.

ఇరవై రోజుల కిందట విలీనానికి మీ కమిటీ సమ్మతి తెలపండని పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. జతగా నమూనా ఉంది. నమూనా ఉంటే మక్కీకి ఇంకేం కావాలి? సంతకాలున్న పేజీ మీద దించేశాడు. పదకొండు ఫారాల మధ్య పెట్టి పెద్ద టీచరు దగ్గరికి తెచ్చాడు. అప్పుడే రెండో తరగతి పిల్లకి ముక్కులోంచి రక్తం కారుతోంది. ఆవిడ ఒక చేత్తో ఆ పిల్ల తల వెనక్కి వంచి పట్టుకుని, రెండో చేత్తో పన్నెండు సంతకాలు పెట్టింది. అందుకే ఆ సంతకం అలా ఒరిగిపోయి ఉంది.

ఇప్పుడు ఆ సంతకం వంక చూస్తూ కూర్చుంది. ఏడుపు రాలేదు. గుమాస్తా మీద కోపం కూడా రాలేదు. ఒళ్ళంతా మొద్దుబారిపోయింది. ఆఫీసు గది వెనక పంపు కారుతున్న చప్పుడు వినిపిస్తోంది. టప్, టప్ అని రెండేళ్ళుగా కారుతూనే ఉంది. దాన్ని బాగుచేయించమని నాలుగుసార్లు తీర్మానం పంపారు. చుక్కలు లెక్కపెట్టుకుంటూ కూర్చుని, నలభై దాకా వచ్చాక ఫోనందుకుంది.

పై ఆఫీసు అధికారి మర్యాదస్తుడు. "అయ్యో, మేం బలవంతం చేశామా అమ్మా? అది మీ నిర్ణయం. మేం గౌరవించాం, అంతే కదా!" అన్నాడు.

"పొరపాటు జరిగిందండీ."

"అందరూ ఏకగ్రీవంగా పొరపడ్డారా?" అన్నాడాయన. తరవాత ఆయనకే జాలేసినట్టుంది. "చూడండి, శనివారం జాబితా పైకి వెళ్ళిపోతుంది. శుక్రవారం సాయంత్రం ఐదులోపు, మేం సమ్మతి వెనక్కి తీసుకుంటున్నామని ఇంకో తీర్మానం పంపండి. మీ బడి పేరు తీసేస్తాను. నిర్ణయం మీదేనమ్మా" అన్నాడు.

గుమాస్తాకి ప్రాణం లేచొచ్చింది. "ఇంకొక్క పేజీ ఉంది మేడం, సంతకాలతో" అని పుస్తకం తిప్పాడు. నిజమే, పైన తెల్లగా, కింద ఎనిమిది సంతకాలతో ఒక పేజీ మిగిలింది. పెన్ను తీశాడు, కుర్చీ ముందుకి జరుపుకున్నాడు, ఆగిపోయాడు. మొహం వాడిపోయింది. "వెనక్కి తీసుకోవడానికి నమూనా ఇవ్వలేదు మేడం" అన్నాడు.

మరో రోజైతే ఆవిడ పగలబడి నవ్వేది. "రేపు నేను రాస్తాలే" అని సంచీ తీసుకుని ఇంటికి బయలుదేరింది.

ఇంట్లో అత్తగారు కూర తరుగుతూ కూర్చుంది. ఏం వండాలని అడగడం ఆ ఇంట్లో పెద్ద టీచరు పని. రోజూ అడుగుతుంది, అత్తగారు "నీ ఇష్టం" అంటుంది, భర్త పేపర్ వెనకనుంచి "నీ ఇష్టం" అంటాడు. వండి వడ్డించాక ఇద్దరికీ ఇష్టాలు గుర్తొస్తాయి. ఆ రోజు ఆవిడ అడగలేదు. పొయ్యి దగ్గర నిలబడి ఏదో కలిపింది, దించింది, వడ్డించింది.

"ఉప్పు రెండుసార్లేశావే తల్లీ" అంది అత్తగారు మొదటి ముద్దకే.

"అవునా" అని ఆవిడ తన కంచంలోది తినేసింది. నాలిక్కి ఏమీ తెలియలేదు. బడి సంగతి రెండు ముక్కల్లో చెప్పింది. పంతొమ్మిదేళ్ళుగా ఆ ఇంట్లో ఆవిడ చెప్పే కబుర్లన్నీ ఆ బడివే. అత్తగారు తినడం ఆపి, ఆవిడ వీపు మీద చెయ్యి వేసి నిమిరింది.

"పేజీ ఉందంటున్నావుగా. రాసి పారెయ్" అన్నాడు భర్త.

"వాళ్ళని అడగకుండానా?"

"మూసేటప్పుడు అడిగావా ఏమిటి, ఇప్పుడు అడగడానికి?"

ఆయన ఎద్దేవా చేయడానికి అన్న మాట కాదది. మామూలుగానే అన్నాడు. ఆవిడ కంచాలు తీసి కడిగేసింది.

మంగళవారం మధ్యాహ్నం ఆ పేజీ ముందు కూర్చుని పెన్ను తీసింది. ‘తేదీ’ అని రాసింది. అంతలో టైలరమ్మ వచ్చింది, ఒకటో తరగతి కిటికీకి కుట్టిన తెరలు చంకన పెట్టుకుని. ఎవరూ అడగలేదు, కొలతలు కూడా ఎవరూ ఇవ్వలేదు. పిల్లల మొహాల మీద ఎండ పడుతోందని ఆవిడే చూసి, జానలతో కొలుచుకుని వెళ్ళి కుట్టుకొచ్చింది.

ఆవిడ కూతురు ఈ బళ్ళోనే మూడో తరగతి. ఇంట్లో వసపిట్ట, గడప దాటితే నోరు విప్పదు. ఏడాదిన్నర పాటు, బళ్ళో ఉన్న రెండో టీచరు, చిన్న టీచరు, హాజరు పిలిస్తే ఆ పిల్ల వేలెత్తేది. చిన్న టీచరు వేలికే హాజరు వేసుకునేది, ఒక్కనాడూ గద్దించలేదు. పోయిన ఏడాది ఒక పొద్దున ఉన్నట్టుండి "ప్రెజెంట్ టీచర్" అంది. క్లాసంతా చప్పట్లు కొడితే సిగ్గుపడి బెంచీ కిందికి దూరిపోయింది. ఆ సంగతి టైలరమ్మ తన దగ్గరికొచ్చే ప్రతి జాకెట్టు ఆవిడకీ చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పింది. రోడ్డవతలి పెద్ద బళ్ళో ఒక్కో గదిలో అరవై మంది. వేలెత్తితే ఎవరు చూస్తారు?

తెరలు బల్ల మీద పెడుతూ టైలరమ్మ పుస్తకం చూసింది. తన సంతకం తనకి తలకిందులుగా కనిపించింది.

"ఏం రాస్తున్నారు టీచరుగారూ?"

మొద్దుబారిన మనిషికి అబద్ధం కూడా పుట్టదు. పెద్ద టీచరు ఉన్నదున్నట్టు చెప్పేసింది. టైలరమ్మ వింటూ వింటూ ఎదురుగా ఉన్న స్టూలు మీద కూలబడింది. చేతిలో తెర కొంగు మెలితిప్పుతోంది.

"ఇంకా ఆలోచిస్తారేంటండీ? రాసెయ్యండి. నా సంతకం ఉందిగా" అంది చివరికి.

పెద్ద టీచరు పెన్ను వంక చూసింది. మనిషి ఎదురుగా కూర్చుని ఉండగా ఆ మనిషి సంతకం మీద రాయడానికి చెయ్యి రాలేదు. సిగ్గేసింది. సిగ్గొక్కటే అయితే మింగుకుని రాసేసేదేమో. ఆవిడకి ఒక ధీమా కూడా ఉంది. పంతొమ్మిదేళ్ళ బడి, నలభై మూడు మంది పిల్లలు, పేరుపేరునా తెలిసిన ఇళ్ళు. కాదనేవాడెవడు?

"వద్దమ్మా. ఈసారి సరిగ్గా చేద్దాం. గురువారం అందర్నీ పిలుస్తాను. అడిగితే ఎనిమిది చేతులూ లేస్తాయి" అంది.

టైలరమ్మ ఏదో అనబోయి ఆగింది. మిషన్ దగ్గర కూర్చుంటే పదిమంది ఆడవాళ్ళ మాటలు చెవిన పడతాయి, ఎవరికి ఏ బడి మీద మనసుందో కూడా. "మీ ఇష్టం" అని లేచి, కిటికీకి తెరలు కట్టేసి వెళ్ళిపోయింది.

గురువారం నాలుగున్నరకి ఎనిమిది మందీ వచ్చారు. ఆరేళ్ళలో అందరూ ఒక గదిలో కూర్చోవడం, బిస్కెట్ల కోసం కాకుండా, అదే మొదలు. మూడో తరగతి గదిలో పిల్లల బెంచీల మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా సర్దుకున్నారు. మక్కీ పుస్తకం పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. పెద్ద టీచరు నల్లబల్ల ముందు నిలబడి, సంతకాల రోజు దగ్గర్నుంచి ముక్కులోంచి రక్తం కారిన పిల్ల దాకా అంతా చెప్పింది. తన తప్పని చెప్పింది. గొంతు మామూలుగానే ఉంది. ఎవరిదో సంగతి చదివి వినిపిస్తున్నట్టుంది ఆవిడకే.

ఎనిమిది మందీ మక్కీ చేతిలో పుస్తకం వంక చూశారు.

"అంటే బడి మనమే మూసేశామన్నమాట!" అని కండక్టరు నవ్వబోయి, ఎవరూ నవ్వకపోయేసరికి ఊరుకున్నాడు.

"నేను పెట్టింది చీపుళ్ళకి కదమ్మా?" అన్నాడు ముసలి వాచ్‌మన్.

"అవును తాతా. తప్పయిపోయింది. ఇప్పుడు ఆ తీర్మానం మాకొద్దు, మా బడి మాకుండాలి అని రాద్దాం. అందరికీ సమ్మతమేగా?" అని ఆవిడ మక్కీ చేతిలోంచి పుస్తకం అందుకుంది.

"ఒక్క నిమిషం అక్కా" అన్నాడు ప్లంబరు వెనక బెంచీ మీంచి. "అడుగుతున్నారా, చెబుతున్నారా?"

"అడుగుతున్నాను."

"అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నా, ఏమీ అనుకోకండి. మావాణ్ణి ఎలాగూ పై ఏడాది ఆ బళ్ళో వేద్దామనుకుంటున్నాం. అక్కడ పదో తరగతి దాకా ఉంది. పిల్లల్ని దింపే బండి ఉంది. పంపులో నీళ్ళొస్తాయి." అని ఆగి, గోడవతల కారుతున్న పంపు వైపు తల తిప్పాడు. "అది రెండేళ్ళుగా అలాగే ఉంది కదా?"

"నాలుగు తీర్మానాలు పంపాం" అంది పెద్ద టీచరు. అంటుండగానే ఆవిడకి తట్టింది. ఆ నాలుగింటి కిందా ఇతని సంతకం ఉంది.

"నేను చేసే పనే అది అక్కా. ఈ వీధిలో ఎవరింట్లో పంపు పాడైనా నన్నే పిలుస్తారు. మీరొక్క మాట అంటే పొద్దున పనికి పోతూ పోతూ చేసేసేవాణ్ణి. ఆఫీసుకి రాశారు గానీ నన్నడగలేదు."

అతని మొహంలో కోపం లేదు. అదే కష్టంగా ఉంది. కోపం ఉంటే ఎదురు చెప్పొచ్చు.

ఆయా లేచి నిలబడింది. అడగ్గానే లేచి నిలబడటం ఆసుపత్రిలో అలవాటు. "మీరు మంచివారు మేడం. కానీ మా పిల్ల అయిదో తరగతి, గుణకారాలు రావడం లేదు. అయిదు తరగతులకీ చిన్న టీచరమ్మ ఒక్కతే పరిగెడుతుంది. నేనెప్పుడొచ్చినా మీరు రాసుకుంటూనే ఉంటారు. మీరు పాఠం చెప్పి ఎన్నాళ్ళయింది?"

పెద్ద టీచరు జవాబు చెబుదామని లెక్కేసుకుంది. పోయిన నెల కాదు. అంతకుముందు నెలా కాదు. ఒకప్పుడు ఆవిడ లెక్కల పాఠం చెబుతుంటే పక్క గది పిల్లలు కిటికీ దగ్గర చేరేవారు. ఏ ఏడాదో గుర్తు రాలేదు. "తెలీదమ్మా" అంది.

తోడికోడళ్ళలో పెద్దది మూసేయడమే మేలంది. చిన్నది వెంటనే వద్దంది. "ఇంట్లో నేనేమన్నా సరే అంటావు, ఇక్కడికొచ్చి నోరొచ్చిందే!" అని పెద్దది మూతి ముడిచింది. "ఇంట్లో అడగవుగా అక్కా" అంది చిన్నది.

టైలరమ్మ ఎక్కువ మాట్లాడలేదు. "మా పిల్లకి ఇక్కడే మాటొచ్చింది" అంది. ముసలి వాచ్‌మన్ ఆవిడ వైపు చూసి తలూపాడు. రంగులేసే అతను గోళ్ళ కింద సున్నం గీక్కుంటూ, పెద్ద బడికే తన చెయ్యి అన్నాడు.

చేతులెత్తమంది పెద్ద టీచరు. బడి ఉండాలని లేచిన చేతులు మూడు. టైలరమ్మది, ముసలాయనది, చిన్న తోడికోడలిది. మిగతా అయిదూ విలీనానికే లేచాయి. లెక్క తప్పేందుకు కూడా లేదు.

మక్కీ మెల్లగా దగ్గరికొచ్చాడు. "మేడం, ఆ పేజీ ఇంకా ఉంది. రేపు అయిదు దాకా టైముంది" అన్నాడు గొంతు తగ్గించి. గది ఎంతుందని, అందరికీ వినిపించింది. అయిదుగురూ తలలొంచుకున్నారు. ఆవిడ రాసుకుంటే అడ్డుపడేలా లేరు వాళ్ళు. అలవాటైన మనుషులు.

పెద్ద టీచరు తల అడ్డంగా ఊపింది.

"ఆరేళ్ళు మమ్మల్ని ఒక్క మాట అడగలేదు" అంది టైలరమ్మ. అరవలేదు, మామూలుగానే అంది. "అడక్కుండా ఉండాల్సిన ఆ ఒక్క రోజూ అడిగారు."

పెద్ద టీచరు కుర్చీ లాక్కుంది. బల్ల దగ్గర కూర్చుని, సంతకాలున్న పేజీ దాటించి, ఇవాళ్టి తీర్మానం కోసం ఏమీ లేని కొత్త పేజీ తీసింది. తనే రాసింది. రాయడం అలవాటైన చెయ్యి, చకచకా నడిచింది. రాసి, పుస్తకం అధ్యక్షురాలి ముందు పెట్టింది.

టైలరమ్మ పెన్ను తీసుకోలేదు. పుస్తకం తన వైపు తిప్పుకుని, అక్షరాల కింద వేలు పెట్టుకుని, పైకి చదవడం మొదలుపెట్టింది. అయిదో తరగతి దాకా చదివిన చదువు. ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివింది. బెంచీల మీద అందరూ ఓపిగ్గా విన్నారు. నాలుగో వరసలో వేలు ఆగింది.

"కమిటీ సభ్యులు ఏ... ఏకగ్రీవంగా..." అని తలెత్తింది. "ఏకగ్రీవం అంటే అందరూ ఒప్పుకున్నారని కదండీ?"

"అవును."

"నేను ఒప్పుకోలేదు. తాత ఒప్పుకోలేదు. ఆ చిన్నకోడలు పిల్లా ఒప్పుకోలేదు."

పెద్ద టీచరు వంగి చూసింది. తనే రాసింది ఆ మాట. ఆరేళ్ళుగా ప్రతి తీర్మానంలో ఉన్న మాట, చేతికి తెలియకుండానే వచ్చి కూర్చుంది. దాన్ని కొట్టేసింది. పైన ‘అయిదుగురు విలీనం కావాలన్నారు, ముగ్గురు వద్దన్నారు’ అని రాసింది. వద్దన్న ముగ్గురూ ఎవరెవరో కూడా రాయమంది టైలరమ్మ. రాసింది.

అప్పుడు టైలరమ్మ సంతకం పెట్టింది. పెట్టాక పుస్తకం వెనక్కివ్వకుండా ఒక పేజీ వెనక్కి తిప్పింది. "ఇక్కడ నా సంతకం ఉంది. నాది నాకివ్వండి" అంది.

"పేజీ నంబర్లుంటాయమ్మా, చించకూడదు" అని మక్కీ గాభరా పడిపోయాడు.

పెద్ద టీచరు అతన్ని పక్కకి జరగమంది. టైలరమ్మ సంచీలోంచి కత్తెర తీసి, బట్ట కత్తిరించినంత జాగ్రత్తగా, మిగతావాళ్ళ సంతకాలకి తగలకుండా తన సంతకం ఉన్న ముక్క కత్తిరించుకుంది. మడిచి జాకెట్లో పెట్టుకుని, వరండాలో అరుగు మీద కూర్చున్న కూతురి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. ఆ పిల్ల గేటు దగ్గర వెనక్కి తిరిగి ఒక వేలెత్తింది. పెద్ద టీచరు కూడా వేలెత్తింది.

ఒక్కొక్కరే వెళ్ళారు. పుస్తకం బీరువాలో పెట్టి మక్కీ కూడా వెళ్ళాడు. ఆవిడ ఆఫీసు గదిలో కుర్చీలో కూర్చుంది. కూర్చుని చుక్కలు లెక్కపెడదామనుకుంది. టప్ అని ఒకటి పడింది. రెండోదానికోసం చూసింది. పడలేదు. ఎంతసేపటికీ పడలేదు.

లేచి గది వెనక్కి వెళ్ళింది. ప్లంబరు పంపు పక్కన గొంతుక్కూర్చుని, పానా సంచీలో వేసుకుంటున్నాడు. ఆవిణ్ణి చూసి కాస్త సిగ్గుపడ్డట్టు లేచాడు.

"వాషరు పోయిందక్కా, అంతే. పది నిమిషాల పని."

"ఎలాగూ మూసేస్తున్నాం కదా, ఎందుకు?" అంది ఆవిడ.

"నెలాఖరు దాకా పిల్లలు నీళ్ళు తాగాలిగా" అన్నాడతను, ఇందులో అడగడానికేముందన్నట్టు. పంపు ఒకసారి తిప్పి చూపించాడు. నీళ్ళు ధారగా పడ్డాయి. కట్టేశాడు. చుక్క కారలేదు. చేతులు ప్యాంటుకి తుడుచుకుని, "వస్తానక్కా" అని వెళ్ళిపోయాడు.

నాలుగు రోజులుగా రాని ఏడుపు ఆవిడకి అప్పుడొచ్చింది. ఎవరూ లేరు కదా అని ఆపుకోలేదు. పంపు దగ్గర నిలబడి వెక్కివెక్కి ఏడ్చింది. తరవాత పంపు తిప్పి మొహం కడుక్కుని, గట్టిగా కట్టి, తాళం చెవుల కోసం లోపలికి వెళ్ళింది.